అన్న మిగిల్చిన సగం

బోరు మోటారుకి వైండింగ్ చేయడం, అంటే లోపల రాగి తీగ చుట్టడం, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మోటారు లోపలి స్టేటర్ పొడుగాటి ఇనుప గొట్టంలా ఉంటుంది. దాని లోపలి గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి సందులుంటాయి. వాటిని స్లాట్లు అంటాం. ఒకడు ఈ చివర కూర్చుని తీగని ఒక స్లాట్‌లోకి తోస్తాడు. ఆ చివర కూర్చున్నవాడు దాన్ని అందుకుని లాగి, ఇంకో స్లాట్‌లోంచి వెనక్కి తోస్తాడు. అలా తోసుకుంటూ లాక్కుంటూ చుట్లన్నీ నిండేసరికి ఒక పూట గడిచిపోతుంది. గురజాలలో మాచర్ల రోడ్డు మీద మా షాపులో ఆ చివర మా అన్న, ఈ చివర నేను. మా పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అంతే. నా భార్య ముఖం కంటే మా అన్న ముఖాన్నే నేను ఎక్కువసేపు చూసి ఉంటాను, అదీ ఒక ఇనుప గొట్టానికి అవతల.

ఒక కాయిల్ పూర్తయితే అన్న తీగ కింద పెట్టి సిగరెట్ వెలిగించేవాడు. సగం దాకా తను తాగి, చెయ్యి చాచి మోటారు మీదుగా నాకిచ్చేవాడు. మిగతా సగం నాది. మొదట్లో అది పొదుపు కోసమే అయి ఉంటుంది. తర్వాత ఎవరికి వాళ్ళం కొనుక్కోగలిగే రోజులు వచ్చినా ఆ పద్ధతి మారలేదు. నేను అడగాల్సిన పని ఉండేది కాదు, అతను పిలవాల్సిన పనీ ఉండేది కాదు. నిప్పు సగానికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళేది. మోటార్లు తెచ్చిన రైతులు చూసి, ఆస్తి పంచుకోకపోయినా ఎంగిలి పంచుకుంటున్నారని మమ్మల్ని ఆటపట్టించేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం.

నవ్వనిది మా వదిన ఒక్కతే. ఆమెకి సిగరెట్ పేరెత్తితేనే ఒళ్ళు మంట. మా రెండు కుటుంబాలూ ఒకే ప్రహరీలో ఉండటం వల్ల ఆ మంట నాకూ తగిలేది. ఇంట్లో అగ్గిపెట్టె ఉంటే అన్న చేతికి అందుతుందని పొయ్యికి గ్యాస్ లైటర్ కొనిపించింది. ఇక ఆ రోజు నుంచి దేవుడికి దీపం పెట్టాలన్నా ముందు గ్యాస్ పొయ్యి ముట్టించి, దాని మీద అగరొత్తి అంటించి, దాంతో వత్తి వెలిగించాల్సి వచ్చేది. ఆ ఇంట్లో దేవుడికి కూడా అగ్గిపుల్ల దొరకదని అన్న నవ్వేవాడు. ఆమె మాత్రం ఆ పట్టు వదల్లేదు.

అన్నకి దగ్గు ఎప్పటి నుంచో ఉంది. అదొక జబ్బని మేం అనుకోలేదు, అతని గొంతే అంత అనుకున్నాం. షాపు మెట్లెక్కి వచ్చి కూర్చోగానే మాట రాక, చెయ్యెత్తి కాసేపు ఆగమనడం మొదలయ్యాక గానీ నాకు భయం వేయలేదు. నరసరావుపేట తీసుకెళ్ళాం. ఛాతీ ఫోటోలు తీసి, గొట్టంలోకి ఊదించి, డాక్టరు మా వదినని బయట కూర్చోమని నాతో ఒక్కడితోనే మాట్లాడాడు. ఊపిరితిత్తుల్లో పనిచేసే భాగం చాలా తక్కువ మిగిలిందట. ఆస్పత్రిలో ఉంచినా ఇంట్లో ఉంచినా ఇక ఆక్సిజన్ పెట్టుకుని ఉండాల్సిందేనట. నేను పెద్ద తెలివిగా, ఎప్పటికి తగ్గుతుందని అడిగాను. ఆయన నా వైపు చూసి, నీకూ అలవాటుందా అని అడిగాడు.

గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఒకటి తెచ్చి అన్న మంచం పక్కన పెట్టాం. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ నేనే బిగించాను. ముక్కుకి గొట్టాలు పెట్టుకుని పడుకుని కూడా అన్న ఆ మిషన్ చప్పుడే వినేవాడు. రెండో రోజే నన్ను పిలిచి, దాని బేరింగ్ అరుస్తోందని చెప్పాడు. విప్పి చూస్తే నిజమే. మిషన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేసి మార్పించాను. ఆ రోజు అన్న ముఖంలో కాస్త కళ వచ్చింది, పనికొచ్చే మాట చెప్పానన్న కళ.

షాపులో నేను ఒక్కణ్ణే అయ్యాను. ఈ చివర కూర్చుని తీగ తోసి, లేచి చుట్టూ తిరిగి ఆ చివరికి వెళ్ళి, లాగి, అక్కడి నుంచి తోసి, మళ్ళీ లేచి ఇటు వచ్చేవాణ్ణి. ఇంకొకణ్ణి పెట్టుకోమని అందరూ చెప్పారు. ఆ స్టూలు మీద వేరేవాణ్ణి కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. అప్పుడే మొదటిసారి సొంతంగా ప్యాకెట్ కొనుక్కున్నాను. తమాషా ఏమిటంటే, మొదటి సగం నాకు రుచించేది కాదు. వెలిగించి, చేతిలో ఉంచుకుని గాలికి కాలనిచ్చి, సగం అయ్యాక నోట్లో పెట్టుకునేవాణ్ణి. చూసినవాళ్ళు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

సాయంత్రం షాపు కట్టేసి నేరుగా అన్న దగ్గరికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఏ మోటారు వచ్చింది, ఎవరి బోరు ఎండింది, అన్నీ చెప్పేవాణ్ణి. అతను ఇంకా దగ్గరికి జరగమనేవాడు. గొంతు పెగలక నా చెవిలో ఏదో చెప్పాలనుకుంటున్నాడని తల వంచేవాణ్ణి. ఏమీ చెప్పేవాడు కాదు. కళ్ళు మూసుకుని నా చొక్కా జేబు దగ్గర ముక్కు పెట్టి నిదానంగా పీల్చేవాడు. నాకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. అర్థమైన రోజున, అక్కడి నుంచి లేచి పారిపోవాలనిపించింది. మరుసటి రోజు మాత్రం అన్న దగ్గరికి వెళ్ళే ముందు ఇంకో సిగరెట్ ఎక్కువ తాగి వెళ్ళాను.

మా వదిన అది కనిపెట్టింది. అరవలేదు. నేను బయటికి వస్తుంటే వాకిట్లో ఆపి, పొగ వాసన తగిలిన ప్రతిసారీ ఆయనకి ఆయాసం పెరుగుతోందని, నేను వెళ్ళాక చాలాసేపు తెరలు తెరలుగా దగ్గు వస్తోందని చెప్పింది. డాక్టరు కూడా బట్టలకి పట్టిన పొగైనా మంచిది కాదన్నాడట. "నిన్ను రావద్దని అనలేను అబ్బాయ్. నువ్వు రాకపోతే ఆయన ఆ కాస్త అన్నం గూడా తినడు" అంది. అంతే. ఆ రాత్రి నా జేబులో ఉన్న ప్యాకెట్‌ని బాత్రూంలో నీళ్ళ బకెట్‌లో ముంచేశాను. తడిసిన సిగరెట్లని చూసి కూడా, ఎండబెడితే పనికొస్తాయా అని ఆలోచించాను. నా సంగతి నాకే అప్పుడు తెలిసింది.

మానేయాలనుకునేవాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళకి కొదవ ఉండదు. లవంగం నమలమని ఒకడు, వక్కపొడి వేసుకోమని ఒకడు, నీళ్ళు తాగమని ఒకడు. ఆ చెప్పేవాళ్ళలో సగం మంది చేతిలో సిగరెట్ పెట్టుకునే చెప్పారు. కోరిక పుట్టినప్పుడు ఎంతోసేపు ఉండదు, కాసేపు ఓర్చుకుంటే దానంతటదే పోతుందని డాక్టరు అన్నాడు. అది నిజమే. కానీ పోయింది పోయినట్టే ఉండదు, గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ఆ ముక్క ఆయన చెప్పలేదు.

టీ తాగడం నరకమైంది. టీ గొంతు దిగగానే వేళ్ళు రెండూ దగ్గరికి వచ్చి దేనికోసమో వెతికేవి. టీ మానేశాను. టీ మానేస్తే తలనొప్పి. అన్నం తిన్నాక ఏం చేయాలో తెలిసేది కాదు, కూర్చున్న చోటే కూర్చుని చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయేవాణ్ణి. బస్టాండు వైపు వెళ్తే ఎవడో ఒకడు పొగ వదులుతూ ఎదురయ్యేవాడు, వాడి వెనకే నాలుగడుగులు నడిచేవాణ్ణి. ఇంట్లో నా భార్య గిన్నె చప్పుడు చేసినా కసిరేవాణ్ణి. ఆమె పాపం, మానేస్తున్నాడు కదా అని అన్నీ సహించింది. ఆ సహనం చూసినా నాకు కోపమే వచ్చేది.

షాపులో మరీ కష్టం. కాయిల్ పూర్తవగానే చేతులు ఆగిపోయేవి. ఎదురుగా ఖాళీ స్టూలు. అన్న కావాలో సిగరెట్ కావాలో తెలియని బాధ అది, రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు. ఒక మిరప రైతు మోటారు వైండింగ్ చేసి ఇచ్చాను. మర్నాడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిరపకి నీళ్ళు పెట్టుకోవాల్సిన రోజున బోరు చుక్కలు రాలుస్తోందని, మీ అన్న ఉంటే ఇట్టా జరిగేదా అని అన్నాడు. వెళ్ళి చూస్తే మోటారు తిరగాల్సిన వైపుకి కాక ఎదురు వైపుకి తిరుగుతోంది. బయటికి తీసే తీగల గుర్తులు నేనే తారుమారు చేశాను. స్టార్టర్‌లో రెండు తీగలు మార్చితే సరిపోయింది, నీళ్ళు పైకి దూకాయి. అయినా ఇన్నేళ్ళలో మా షాపు మోటారు ఎదురు తిరగడం అదే మొదటిసారి. తిరిగి వచ్చే దారిలో బండి ఆపి, చేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. సిగరెట్ ఉంటే ఏడ్చేవాణ్ణి కాదని కూడా అనిపించింది.

ఆ రోజు సాయంత్రం మా వదిన ఏమీ అడక్కుండా ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. వేయించి పొట్టు తీసిన చింతపిక్కలు. బుగ్గన పెట్టుకుంటే ఒక్కటే చాలాసేపు నానుతుంది, కొరికితే పళ్ళు ఊడేంత గట్టి. అన్నకి కూడా ఇలాగే ఎన్నోసార్లు వేయించి ఇచ్చిందట. ఆయన వాటిని జేబులో వేసుకుని వెళ్ళి షాపు బయట పారబోసేవాడట. నేను పారబోయలేదు. లవంగాలూ వక్కలూ చేయలేని పని ఆ చింతపిక్కలే చేశాయి, కనీసం దవడలకి ఒక పని దొరికింది.

నేను మానేసిన సంగతి అన్న మొదటి సాయంత్రమే పసిగట్టాడు, ఈ చింతపిక్కలకి ముందే. ఎప్పటిలాగే దగ్గరికి జరగమన్నాడు. జేబు దగ్గర ముక్కు పెట్టాడు. ఒకసారి పీల్చి, మళ్ళీ పీల్చి, కళ్ళు తెరిచాడు.

"ఏందిరా, సబ్బు వాసన వస్తన్నావు" అన్నాడు.

మానేశానని చెప్పాను. అతను తల తిప్పుకుని గోడ వైపు చూశాడు. ఆ చూపులో నాకు మెచ్చుకోలు కనపడలేదు. మనిషికి మిగిలిన ఆఖరి సుఖాన్ని నేనే లాగేసుకున్నానని అర్థమైంది. మళ్ళీ ఒకటి తాగి వస్తానని అనబోయాను కూడా. ఆ మాట నోటి చివర దాకా వచ్చింది. అప్పుడే అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు, అయినా విడిపించుకోలేకపోయాను.

"మంచిపని చేశావు. ఇంక ముట్టుకోమాక" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నా సగం, నీ సగం, రెండూ నేనే తాగేశాననుకో. నీకింక బాకీ లేదు. మాటియ్యి."

ఇచ్చాను. తర్వాత ప్రతి సాయంత్రం అతను దగ్గరికి జరగమంటూనే ఉన్నాడు, నేను జరుగుతూనే ఉన్నాను. జేబులో చింతపిక్కల వాసన తప్ప ఇంకేం ఉండేది కాదు. అయినా ముక్కు అక్కడే పెట్టుకుని పడుకునేవాడు.

అలా నెల కూడా తిరగలేదు. ఒక ఉదయం వదిన కాఫీ చల్లార్చి తీసుకెళ్ళేసరికి మిషన్ నడుస్తూనే ఉంది, అన్న లేడు. ఆమె పిలిస్తే వెళ్ళాను. ఏం చేయాలో తెలియక ముందు మిషన్ స్విచ్ కట్టేశాను. ఆ చప్పుడు ఆగాక ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

చావింటికి వచ్చిన మగవాళ్ళ కోసం ఒక పళ్ళెంలో బీడీలు, సిగరెట్లు, వక్కలు పెట్టి తిప్పడం మా వైపు మామూలే. సిగరెట్ల వల్ల పోయిన మనిషి వాకిట్లోనూ ఆ పళ్ళెం తిరిగింది. ఎవరూ వింతగా అనుకోలేదు. షామియానా కింద నీలంగా పొగ కమ్ముకుంది. నా పక్కన కూర్చున్న ప్రతివాడూ ఒకటి తీసి నాకివ్వబోయాడు, ఒక్కటి తాగితే గుండె దిటవు అవుతుందని. వాళ్ళది ప్రేమే. నేను వద్దంటే, బాధలో ఉన్నాడని వదిలేశారు. నిజానికి ఆ పూటంతా నేను అన్న ముఖం కంటే ఆ పళ్ళేన్నే ఎక్కువసార్లు చూశాను. నోట్లో చింతపిక్క వేసుకుని, అది మెత్తబడే దాకా అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అన్నకి ఇద్దరూ ఆడపిల్లలే కావడంతో తలకొరివి నేనే పెట్టాను.

మూడో రోజు చిన్నకర్మకి వాగు ఒడ్డున దహనం చేసిన చోటికి వెళ్ళాం. మా వాళ్ళలో ఆ రోజు ఆడవాళ్ళూ వస్తారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి తెచ్చి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. వదిన గారెలు, గోంగూర పచ్చడి, కోడికూర వండింది. అవన్నీ పెట్టాక మా బాబాయి తన జేబులోంచి అన్న తాగే రకం సిగరెట్ ఒకటీ, అగ్గిపెట్టె ఒకటీ తీశాడు. అది లేకపోతే మా అన్న ఆత్మ ఆ విస్తరి వైపు తొంగి కూడా చూడదన్నాడు. అందరూ ఔనన్నారు. కర్మ చేసేవాణ్ణి కాబట్టి వెలిగించి పెట్టాల్సింది నేనే.

సిగరెట్‌ని చేత్తో పట్టుకుని అగ్గిపుల్ల గీసి చూశాను. వాగు మీద నుంచి గాలి. రెండు పుల్లలు ఆరిపోయాయి. కర్పూరం మీద పెట్టి చూశాను. కొస నల్లగా మాడింది గానీ నిప్పు పట్టలేదు. సిగరెట్ పీలిస్తేనే అంటుకుంటుంది, పట్టుకుంటే అంటుకోదు. ఇంతకాలం తాగినవాణ్ణి, నాకు తెలియనిది కాదు.

"నోట్లో పెట్టుకుని ఒక్క దమ్ము లాగరా" అన్నాడు బాబాయి.

పోయినవాడికి ఎంగిలి పెట్టకూడదు కదా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆ అన్నదమ్ముల మధ్య ఎంగిలేందని బాబాయే సర్దిచెప్పాడు. నేను సిగరెట్ పెదవుల మధ్య పెట్టుకున్నాను. ఇంకా వెలగనే లేదు, ఆ పొగాకు వాసనకే నోరంతా ఊరింది. ఒక్క దమ్మేగా, నాకోసం కాదుగా, అన్న కోసమేగా అని లోపలి నుంచి ఎవరో చెబుతున్నారు. అది అచ్చం అన్న గొంతులా ఉంది. ఎదురుగా బూడిద, చుట్టూ ఏడుస్తున్న మనుషులు, నాకు మాత్రం సంతోషం వేసింది. దాచడం ఎందుకు, సంతోషమే. మాట తప్పినట్టు కాకుండానే తాగే వీలు దొరికింది. ఒక్క దమ్ముతో ఆగననీ నాకు తెలుసు. అగ్గిపుల్ల తీశాను.

వదిన వచ్చి నా ముందు నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది. నా నోట్లోంచి సిగరెట్ తీసుకుంది. నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. కొంగు గాలికి అడ్డం పెట్టుకుని, దాన్ని తన నోట్లో పెట్టుకుని పుల్ల గీసింది. ఎలా పీల్చాలో ఆమెకి తెలియదు. రెండుసార్లు బుగ్గలు లోపలికి లాక్కుంది. మూడోసారి కొస ఎర్రగా అంటుకుంది. పొగ గొంతులోకి పోయి ఆమె వంగిపోయి దగ్గింది, అచ్చం అన్న దగ్గినట్టే. ఆడవాళ్ళెవరూ కదల్లేదు. దగ్గు తగ్గాక ఆమె కూర్చుని ఆ సిగరెట్‌ని కోడికూర పక్కన, విస్తరి అంచున, ఒద్దికగా పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆయనకి అగ్గిపుల్ల అందించని మనిషి.

అందరూ కాకి కోసం దూరం జరిగారు. నేను కదల్లేకపోయాను. గాలికి సిగరెట్ తనంతట తనే కాలుతోంది. బూడిద పొడుగవుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. నిప్పు సగానికి వచ్చింది.

నా చెయ్యి ముందుకు వెళ్ళింది. నేను పంపలేదు. ఇన్నేళ్ళూ ఆ చోటికి రాగానే ఎలా వెళ్ళేదో అలాగే, విస్తరి మీదుగా, అవతల అన్న కూర్చుని అందిస్తున్నట్టే వెళ్ళింది.

వదిన ఆ చేతిని చూసింది. పట్టుకోలేదు, తోసేయలేదు.

"ఆ సగం గూడా మీ అన్నదేలే అబ్బాయ్" అంది. "ఆయన్నే తాగనియ్యి."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సిగరెట్ చివరిదాకా కాలింది, మా అన్న దాన్ని పూర్తిగా తాగడం నేను చూసింది ఆ రోజే. నాకేమీ మిగల్చలేదు.